కర్సర్ ఎక్కడ ఆగిందో దాచుకుని, మళ్ళీ అక్కడి నుంచే కొనసాగించడం ఎలా

లక్షల రోలు (వరుసలు) ఉన్న టేబుల్ మీద ఒక జాబ్ నడుస్తుంటుంది, సగంలో కనెక్షన్ తెగిపోతుంది. మొదటి నుంచి మళ్ళీ నడపాలా, ఆగిన చోటి నుంచి ఎత్తుకోవచ్చా? ఇంకోచోట ఎవరో గ్రిడ్‌లో కిందికి దిగి ఒక రో చూస్తుంటారు, రిఫ్రెష్ నొక్కగానే స్క్రీన్ ఎగిరి మొదటి రో దగ్గర పడుతుంది. రెండింటిలోనూ అడిగేది ఒకటే: పొజిషన్ ఎలా దాచాలి, ఎలా తిరిగి రావాలి. కర్సర్ అంటే క్వెరీ ఫలితాన్ని రో తర్వాత రోగా చదివేటప్పుడు ఎక్కడున్నామో పట్టి ఉంచేది. చాలామంది మళ్ళీమళ్ళీ అడుగుతున్న ప్రశ్న కాబట్టి అడుగడుగునా చెప్తాను.

ఒక్క మాట ముందే చెప్పేస్తాను, మిగతాదంతా దీని చుట్టూనే తిరుగుతుంది: రో నంబర్ దాచకండి, ఆ రో కీని (దాన్ని గుర్తించే విలువ, ఐడీ లాంటిది) దాచండి. పని ఏ ట్రాన్సాక్షన్‌లో (కలిసే పూర్తయ్యే, లేదా కలిసే రద్దయ్యే పనుల కట్ట) జరిగిందో అందులోనే దాచండి.

## 1. కర్సర్ బతికుండగానా, పోయాకా?

మీకు కావాల్సింది ఈ రెండింట్లో ఏదో మొదట తేల్చుకోండి.

- కర్సర్ తెరిచే ఉంది. అదే సెషన్‌లో (డేటాబేస్‌తో ఆ కనెక్షన్ ఉన్నంతసేపు) కాస్త ముందుకో వెనక్కో వెళ్ళి, పాత చోటికి తిరిగి రావాలి. దీనికి డేటాబేస్ ఇచ్చే స్క్రోల్ కర్సర్ సరిపోతుంది, రెండో భాగం చదివి ఆపేయొచ్చు.
- కర్సర్ పోయింది. ప్రాసెస్ చచ్చిపోయింది, సర్వర్ రీస్టార్ట్ అయింది, లేదా యూజర్ రేపు వచ్చి కొనసాగిస్తాడు. ఇక్కడ డేటాబేస్ కర్సర్ ఎందుకూ పనికిరాదు, ఎందుకంటే అది సెషన్‌తో పాటే పోతుంది. మూడో భాగం నుంచి చెప్పేదంతా దీనికే.

సెషన్ పోయినా ఏదో ఒక ఆప్షన్ పెడితే కర్సర్ నిలబడుతుందని చాలామంది వెతుకుతుంటారు. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో "విత్ హోల్డ్" ఉంది కానీ అది కమిట్ (ట్రాన్సాక్షన్‌ని ఖాయం చేయడం) దాటి మాత్రమే బతుకుతుంది, సెషన్ దాటి కాదు. పైగా కమిట్ అప్పుడు మిగతా ఫలితం మొత్తాన్నీ పక్కన కాపీ చేసి పెట్టుకుంటుంది, పెద్ద క్వెరీ అయితే ఆ ఒక్క కమిట్‌కే బోలెడు టైమ్ పడుతుంది. పీజీబౌన్సర్ లాంటి పూలర్‌ని (కొన్ని కనెక్షన్లనే అందరికీ పంచే ప్రోగ్రామ్) ట్రాన్సాక్షన్ మోడ్‌లో నడుపుతుంటే దీని జోలికే పోకండి, తర్వాతి ట్రాన్సాక్షన్‌కి మీకు అదే సర్వర్ కనెక్షన్ దొరుకుతుందన్న గ్యారంటీ లేదు.

## 2. ఒకే సెషన్‌లో వెనక్కీ ముందుకీ

పోస్ట్‌గ్రెస్‌లో అయితే వరుస ఇది:

1. కర్సర్‌ని "స్క్రోల్" అని స్పష్టంగా చెప్పి డిక్లేర్ చేయండి. చెప్పకపోయినా కొన్ని సులువైన క్వెరీలకు వెనక్కి వెళ్తుంది, కానీ దాన్ని నమ్ముకుంటే క్వెరీ మారిన రోజు ఎర్రర్ వస్తుంది. "ఫర్ అప్‌డేట్"తో (చదివిన రోలని లాక్ చేసేది) స్క్రోల్ కలవదు, అది గుర్తుంచుకోండి.
2. ఎన్ని రోలు చదివారో మీ కోడ్‌లోనే లెక్కపెట్టుకోండి. "పీజీ_కర్సర్స్" వ్యూలో తెరిచిన కర్సర్ల పేర్లు, వాటి క్వెరీలు కనిపిస్తాయి గానీ, ప్రస్తుతం ఏ రో మీద ఉందో కనిపించదు.
3. పక్కకు వెళ్ళే ముందు ఆ లెక్కని ఒక వేరియబుల్‌లో పెట్టుకోండి.
4. తిరిగి రావడానికి "మూవ్ ఆబ్సొల్యూట్ 500" అనండి. మూవ్ డేటా ఏమీ పంపదు, జరుపుతుంది అంతే.

ఒకటి అటూ ఇటూ అయ్యేది ఇక్కడే. ఆబ్సొల్యూట్ 500 అంటే కర్సర్ 500వ రో మీద నిలబడుతుంది. ఆ తర్వాత "ఫెచ్ నెక్స్ట్" అంటే వచ్చేది 501వది. 500వ రోనే మళ్ళీ చూడాలంటే "ఫెచ్ రిలేటివ్ 0".

చివరి దగ్గర ఇంకో చిక్కు. 100 అడిగితే 40 రోలే వచ్చాయనుకోండి, కర్సర్ చివరి రో మీద ఉండదు, దాన్ని దాటి నిలబడుతుంది. అదే సరిగ్గా 100 వచ్చి అవే చివరివైతే చివరి రో మీదే ఉంటుంది. అప్పుడు "ఫెచ్ ప్రయర్" అంటే మొదటి సందర్భంలో చివరి రో వస్తుంది, రెండో దాంట్లో దానికి ముందుది వస్తుంది.

సేవ్‌పాయింట్‌కి (ట్రాన్సాక్షన్ మధ్యలో పెట్టుకున్న గుర్తు) రోల్‌బ్యాక్ చేస్తే కర్సర్ కూడా వెనక్కి వస్తుందని అనుకోకండి. రాదు. డేటా వెనక్కి వెళ్తుంది, కర్సర్ మాత్రం ఫెచ్ చేసిన చోటే ఉండిపోతుంది. మీరే మూవ్ చేసుకోవాలి.

మిగతా డేటాబేస్‌ల సంగతి క్లుప్తంగా:

- ఎస్‌క్యూఎల్ సర్వర్: స్టాటిక్ (ఫలితం కాపీ మీద నడిచేది), కీసెట్ (కీల జాబితా మాత్రమే ముందే పట్టుకునేది) కర్సర్లలో ఫెచ్ ఆబ్సొల్యూట్ పనిచేస్తుంది, డైనమిక్‌లో (మార్పులన్నీ కనిపించేది) చేయదు. కీసెట్‌లో మధ్యలో ఎవరైనా రో డిలీట్ చేస్తే ఫెచ్ స్టేటస్ -2 వస్తుంది. "స్టేటస్ 0 ఉన్నంతవరకు" అని రాసిన లూప్ అక్కడే చప్పుడు లేకుండా ఆగిపోతుంది, రోలు అయిపోయాయనుకుని మీరు వెళ్ళిపోతారు. నిజంగా అయిపోతే వచ్చేది -1. ఇంకోటి, ఆ స్టేటస్ కనెక్షన్ మొత్తానికీ ఒక్కటే, అందుకని కర్సర్ లోపల ఇంకో కర్సర్ తిప్పేటప్పుడు ఫెచ్ అయిన వెంటనే దాన్ని వేరే వేరియబుల్‌లోకి తీసుకోండి.
- మైఎస్‌క్యూఎల్: కర్సర్లు స్టోర్డ్ ప్రొసీజర్ల లాంటి వాటి లోపలే ఉంటాయి, ముందుకే వెళ్తాయి. లూప్ లోపల రాసిన వేరే "సెలెక్ట్ ఇంటూ"కి రో దొరక్కపోయినా అదే "నాట్ ఫౌండ్" హ్యాండ్లర్ పేలి మీ లూప్ ముందే ముగుస్తుంది. ఆ సెలెక్ట్‌ని విడిగా ఒక బిగిన్-ఎండ్ బ్లాక్‌లో, దాని సొంత హ్యాండ్లర్‌తో పెట్టండి.
- ఒరాకిల్: రోకౌంట్ యాట్రిబ్యూట్ ఇప్పటిదాకా ఎన్ని ఫెచ్ అయ్యాయో చెప్తుంది. "ఫర్ అప్‌డేట్" కర్సర్ మధ్యలో కమిట్ చేసి మళ్ళీ ఫెచ్ చేస్తే ఓరా-01002 ఎర్రర్ ఖాయం.
- జేడీబీసీ (జావా నుంచి డేటాబేస్‌తో మాట్లాడే పద్ధతి): "గెట్‌రో" ప్రస్తుత నంబర్ ఇస్తుంది, "ఆబ్సొల్యూట్" తిరిగి తీసుకెళ్తుంది. కాకపోతే రిజల్ట్‌సెట్‌ని స్క్రోల్ రకంగా తెరిచి ఉండాలి.

## 3. రో నంబర్ ఎందుకు మోసం చేస్తుంది

1000 రోలు పూర్తి చేశారు, "1000" అని దాచారు. రాత్రి ఎవరో ఆ మొదటి వెయ్యిలో 10 డిలీట్ చేశారు. పొద్దున "ఆఫ్‌సెట్ 1000" (మొదటి 1000 వదిలేసి ఇవ్వు) అని మొదలుపెడితే, నిన్న 1001 నుంచి 1010 దాకా ఉన్నవి ఇప్పుడు 991 నుంచి 1000 స్థానాల్లోకి జరిగిపోయి ఉంటాయి. ఆ పదింటినీ మీ జాబ్ ఎప్పటికీ ముట్టుకోదు. ఎర్రర్ రాదు, లాగ్‌లో ఏమీ కనిపించదు.

కొత్త రోలు ముందు వైపు చేరితే దీనికి తలకిందులు: చేసినవే మళ్ళీ చేస్తారు. నెమ్మది సంగతి సరేసరి. ఆఫ్‌సెట్ పది లక్షలు అంటే డేటాబేస్ ఆ పది లక్షల రోల మీదుగా నడిచి, వాటిని పారేసి, ఆ తర్వాత మీకు ఇవ్వడం మొదలుపెడుతుంది.

కీ దాచుకుంటే ఈ గొడవ లేదు. "ఐడీ 48213 దాకా అయింది" అన్నది ఎన్ని రోలు పోయినా, చేరినా నిజమే. ఆ 48213 రోనే డిలీట్ అయిపోయినా సరే, దానికంటే పెద్దవి అడగడానికి అది ఉండాల్సిన పనిలేదు.

## 4. ముందు వరుసక్రమం గట్టిపరచండి

పొజిషన్ అనేది క్రమం మీద ఆధారపడిన విషయం. ఆర్డర్ బై (సార్ట్ క్రమం చెప్పే భాగం) లేని క్వెరీకి పొజిషన్ అంటూ ఏమీ ఉండదు, ఈరోజు ఐడీ వరుసలో వచ్చిందని రేపూ వస్తుందని లేదు.

- ☐ ఆర్డర్ బైలో చివరి కాలమ్ యూనిక్ కావాలి. ఒక్క తేదీ మీద సార్ట్ చేస్తే ఒకే క్షణంలో పడ్డ మూడు రోల మధ్య బ్యాచ్ (ఒకసారి తెచ్చుకునే రోల గుంపు) తెగొచ్చు. తేదీ పక్కన ఐడీ చేర్చండి.
- ☐ ఆ కాలమ్‌లు మారనివై ఉండాలి. "చివరిగా మార్చిన సమయం" మీద నడిస్తే, మీ జాబే ఆ రోని అప్‌డేట్ చేసి దాన్ని ముందుకు తోసేస్తుంది, మళ్ళీ అదే ఎదురొస్తుంది.
- ☐ నల్ (విలువ లేని గడి) ఉండకూడదు. నల్‌తో పోలిస్తే అవునూ కాదు, కాదూ కాదు, ఆ రో ఫలితం నుంచి జారిపోతుంది. పైగా చిన్న నుంచి పెద్ద క్రమంలో పోస్ట్‌గ్రెస్, ఒరాకిల్ నల్‌లని చివర పెడతాయి, మైఎస్‌క్యూఎల్, ఎస్‌క్యూఎల్ సర్వర్ మొదట పెడతాయి.
- ☐ ఇదే క్రమంలో ఒక ఇండెక్స్ (త్వరగా వెతకడానికి డేటాబేస్ ఉంచుకునే సూచిక) ఉండాలి.
- ☐ పేర్ల లాంటి టెక్స్ట్ కాలమ్‌ని కీగా వాడొద్దు, వీలైతే. సార్ట్ క్రమం కొలేషన్ (అక్షరాలని ఏ వరుసలో పెట్టాలో చెప్పే నియమాలు) మీద ఆధారపడుతుంది, ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌గ్రేడ్‌తో అది మారొచ్చు. 2018లో వచ్చిన జీలిబ్‌సీ 2.28తో (లినక్స్ మూల లైబ్రరీ) లినక్స్‌లో నిజంగానే అలా మారింది.

ఐడీగా యూయూఐడీ (ఎక్కడ పుట్టించినా ఒకటి ఇంకోదానితో కలవని పొడవైన ఐడీ) వాడుతున్నారా? నాలుగో వెర్షన్ పూర్తిగా ర్యాండమ్, అంటే కొత్త రోలు మీరు దాటేసిన భాగంలోనూ పడతాయి. ఇప్పటికే ఉన్న డేటాని ఒకసారి తిరిగి రావడానికి ఫర్వాలేదు, "కొత్తవి వస్తుంటే పట్టుకోవాలి" అనే పనికి మాత్రం కుదరదు. ఏడో వెర్షన్ సమయం క్రమంలో పెరుగుతుంది కాబట్టి చాలావరకు సరిపోతుంది.

## 5. కొనసాగించే క్వెరీ

ఒకే కీ అయితే "ఐడీ > చివరి ఐడీ, ఆర్డర్ బై ఐడీ, లిమిట్ 500". అంతే.

రెండు కాలమ్‌లైతే ఎక్కువమంది రాసే తప్పు ఇదీ:

`తేదీ > చివరి_తేదీ అండ్ ఐడీ > చివరి_ఐడీ`

ఇది తప్పు. తేదీ పెద్దదై ఐడీ చిన్నదైన రోలన్నీ ఎగిరిపోతాయి. పోస్ట్‌గ్రెస్‌లోనూ, 3.15 నుంచి ఎస్‌క్యూలైట్‌లోనూ ఇలా రాయండి:

`(తేదీ, ఐడీ) > (చివరి_తేదీ, చివరి_ఐడీ)`

ఎస్‌క్యూఎల్ సర్వర్ ఈ రూపాన్ని ఒప్పుకోదు. మైఎస్‌క్యూఎల్ ఒప్పుకుంటుంది కానీ ఇండెక్స్ రేంజ్‌ని దీనికి సరిగ్గా వాడుకోదు. ఆ రెంటికీ విడదీసి రాయాలి:

`తేదీ >= చివరి_తేదీ అండ్ (తేదీ > చివరి_తేదీ ఆర్ ఐడీ > చివరి_ఐడీ)`

మొదటి ముక్క ఇండెక్స్‌లో చోటు చూపిస్తుంది, బ్రాకెట్‌లోది ఒకే తేదీ ఉన్నవాటిని వడకడుతుంది. తేదీ పెద్ద నుంచి చిన్నకి, ఐడీ చిన్న నుంచి పెద్దకి అని కలగాపులగం చేయకండి, రెంటికీ ఒకే దిశ పెట్టుకుంటే సగం తలనొప్పి పోతుంది.

## 6. పొజిషన్ దాచే టేబుల్

పెద్దగా ఏమీ అక్కర్లేదు. ఒక జాబ్‌కి ఒక రో:

- ☐ జాబ్ పేరు (ప్రైమరీ కీ)
- ☐ కీలోని ప్రతి కాలమ్‌కీ ఒక కాలమ్, అసలు టేబుల్‌లో ఉన్న అదే డేటా టైప్‌తో
- ☐ ఫిల్టర్, సార్ట్ క్రమానికి ఒక వెర్షన్ నంబర్
- ☐ చివరిగా రాసిన సమయం

ఆ వెర్షన్ నంబర్ ఎందుకంటే, రేపు ఎవరో క్వెరీలో వేర్ కండిషన్ మారుస్తారు, పాత పొజిషన్‌తో కొత్త క్వెరీ నడుస్తుంది, కొత్తగా అర్హత వచ్చిన పాత రోలు మిగిలిపోతాయి. మొదలుపెట్టేటప్పుడు వెర్షన్ కలవకపోతే జాబ్ ఆగి అరవాలి. తనంతట తాను సర్దుకుపోకూడదు.

డేటా టైప్ సంగతి ఎందుకు నొక్కి చెప్తున్నానంటే, పొజిషన్‌ని జేసన్ ఫైల్‌లోనో క్యాష్‌లోనో పెట్టేవాళ్ళకి తగిలే దెబ్బలన్నీ ఇక్కడివే. పోస్ట్‌గ్రెస్ టైమ్‌స్టాంప్‌కి సెకనులో పది లక్షల వంతు దాకా లెక్క ఉంటుంది, జావాస్క్రిప్ట్ డేట్‌కి వెయ్యో వంతు దాకానే.

చివరి రో సమయం 10:15:30.123456 అనుకుందాం. జావాస్క్రిప్ట్ మీదుగా వెళ్ళొచ్చి 10:15:30.123 అయిపోయింది. చిన్న నుంచి పెద్దకి వెళ్తుంటే ఆ రో మళ్ళీ వస్తుంది, ఫర్వాలేదులే అనుకోవచ్చు. కొత్తవి ముందు చూపించే క్రమంలో అయితే, ఇంకా చదవాల్సిన .123400, .123200 రోలు రెండూ .123 కంటే పెద్దవే కాబట్టి "దీనికంటే చిన్నవి ఇవ్వు" అన్న క్వెరీకి తగలవు. పోయినట్టే.

మైఎస్‌క్యూఎల్ డేట్‌టైమ్ కాలమ్ అయితే ప్రెసిషన్ చెప్పకపోతే సెకను ముక్కలే ఉంచదు. పెద్ద ఐడీలది కూడా ఇదే బాధ, జావాస్క్రిప్ట్‌లో 9007199254740991 దాటిన నంబర్లు వాటంతట అవే పక్క నంబర్లుగా మారిపోవచ్చు. బయట దాచక తప్పకపోతే టెక్స్ట్‌గా దాచండి.

## 7. ఎప్పుడు రాయాలి

వరుస ఇదీ:

1. ట్రాన్సాక్షన్ మొదలుపెట్టండి.
2. మీ జాబ్ పొజిషన్ రోని "సెలెక్ట్ ఫర్ అప్‌డేట్"తో చదవండి. ఎవరైనా పొరపాటున రెండో కాపీ నడిపినా అది ఇక్కడ ఆగుతుంది.
3. తర్వాతి బ్యాచ్ తెచ్చుకోండి.
4. పని చేయండి.
5. ఆ బ్యాచ్‌లో చివరి రో కీని పొజిషన్ టేబుల్‌లో రాయండి.
6. కమిట్.

పని, పొజిషన్ ఒకే కమిట్‌లో పడితే కరెంటు ఎప్పుడు పోయినా రెండూ కలిసే ఉంటాయి, లేదా రెండూ కలిసే పోతాయి. విడివిడిగా కమిట్ చేస్తే మధ్యలో ఒక సందు మిగులుతుంది. పొజిషన్ ముందు రాస్తే రోలు పోతాయి, తర్వాత రాస్తే రెండుసార్లు జరుగుతాయి.

ఈమెయిల్ పంపడం, వేరే సర్వీస్‌ని పిలవడం లాంటివి ట్రాన్సాక్షన్‌లో ఇమడవు. అక్కడ నేనైతే ఎప్పుడూ రెండోదే ఎంచుకుంటాను: పని ముందు, పొజిషన్ తర్వాత. రెండుసార్లు జరిగినా నష్టం లేకుండా ప్రతి రోకీ ఒక స్థిరమైన గుర్తు పంపి, అవతలివాళ్ళు దాన్ని చూసి రెండోది వదిలేసేలా ఏర్పాటు చేసుకోవాలి. పోయిన రోని వెతకడం కంటే ఇదే సులువు.

మరీ పెద్ద బ్యాచ్‌లు పెట్టకండి. గంటల తరబడి తెరిచి ఉన్న ట్రాన్సాక్షన్ వల్ల పోస్ట్‌గ్రెస్‌లో వాక్యూమ్ పాత రోలని శుభ్రం చేయలేదు, ఒరాకిల్‌లో అంతసేపు నడిచే క్వెరీకి ఓరా-01555 ఎర్రర్ ("స్నాప్‌షాట్ మరీ పాతది") తగలొచ్చు. కొన్ని వందలతో మొదలుపెట్టి, ఒక్కో కమిట్‌కి ఎంతసేపు పడుతుందో చూసుకుంటూ పెంచండి.

## 8. ఆలస్యంగా కమిట్ అయ్యే రోలు

అన్నీ సరిగ్గా చేశాక కూడా అప్పుడప్పుడూ ఒక రో మిస్సవుతోందంటే కారణం దాదాపు ఇదే.

ఒక ట్రాన్సాక్షన్ 501 ఐడీ తీసుకుంది, ఇంకా కమిట్ కాలేదు. ఈలోపు ఇంకోటి 502 తీసుకుని కమిట్ అయిపోయింది. మీ జాబ్ వచ్చి చూస్తే 502 ఉంది, 501 లేదు. 502 అని దాచుకుంది. క్షణం తర్వాత 501 కమిట్ అయింది. దాన్ని ఇక ఎవరూ చూడరు.

ఐడీలు ఇచ్చే క్రమం వేరు, కమిట్ అయ్యే క్రమం వేరు. ఎప్పుడూ రాసుకుంటూ ఉండే టేబుల్‌ని వెంబడించేటప్పుడు దీన్ని పట్టించుకోక తప్పదు.

- సులువైన మందు: సరికొత్త రోల జోలికి వెళ్ళకుండా కాస్త వెనక ఉండటం, ఉదాహరణకి గత 5 నిమిషాల్లో పుట్టినవి వదిలేయడం. మీ దగ్గర అంతకంటే ఎక్కువసేపు నడిచే ట్రాన్సాక్షన్ లేదని ఖాయం చేసుకోవాలి.
- గట్టి మందు, పోస్ట్‌గ్రెస్‌లో: ప్రతి రోలో దాన్ని పుట్టించిన ట్రాన్సాక్షన్ ఐడీని ఒక కాలమ్‌లో ఉంచి, సార్ట్‌లో దాన్నే ముందు పెట్టి (తర్వాత ఐడీ), "పీజీ_స్నాప్‌షాట్_ఎక్స్‌మిన్" ఇచ్చే విలువ కంటే చిన్నవే చదవడం. ఆ విలువకి కింద ఉన్న ట్రాన్సాక్షన్లన్నీ అప్పటికే ముగిసిపోయి ఉంటాయి. ఇది 13 నుంచి ఉంది, అంతకుముందు వెర్షన్లలో ఇదే పని చేసే "టీఎక్స్‌ఐడీ" ఫంక్షన్లు ఉన్నాయి.

## 9. స్క్రీన్ మీద గ్రిడ్ అయితే

ఎంచుకున్న రో కీ, అది స్క్రీన్ పైనుంచి ఎన్నో వరుసలో ఉంది అన్న అంకె, ఈ రెండే దాచండి. రిఫ్రెష్ అయ్యాక:

1. కీ కంటే పెద్దవి లేదా సమానమైనవి, కావాల్సినన్ని తెచ్చుకోండి.
2. కీ కంటే చిన్నవి సార్ట్‌ని తిప్పి తెచ్చుకుని, కోడ్‌లో మళ్ళీ తలకిందులు చేసి పైన అతికించండి. ఈ తిప్పడం మర్చిపోతే టేబుల్ మొదటి రోలు వచ్చి పైన కూర్చుంటాయి.
3. ఆ రో దొరికితే దాని మీద నిలబెట్టండి. డిలీట్ అయిపోయి ఉంటే తర్వాతి దాని మీద, అదీ లేకపోతే చివరి దాని మీద.

"3,412వ రో" అని చూపించాలంటే కీ కంటే చిన్నవాటిని కౌంట్ చేసి ఒకటి కలపండి. పెద్ద టేబుల్‌లో ఆ కౌంట్‌కి బాగా టైమ్ పడుతుంది, ఆ అంకె నిజంగా ఎవరికైనా కావాలా అని ఒకసారి అడగండి.

## 10. వదిలే ముందు పరీక్ష

- ☐ బ్యాచ్ మధ్యలో ప్రాసెస్‌ని బలవంతంగా చంపి మళ్ళీ నడపండి. మామూలుగా ఆపడం కాదు, చంపడం.
- ☐ పని అయ్యాక, కమిట్‌కి ముందు చంపండి.
- ☐ పొజిషన్‌లో ఉన్న రోనే డిలీట్ చేసి నడపండి.
- ☐ ఒకే సమయం ఉన్న రోలు బ్యాచ్ సైజు కంటే ఎక్కువ పెట్టి చూడండి.
- ☐ రెండు కాపీలు ఒకేసారి నడపండి.
- ☐ ఒక సెషన్‌లో ఇన్సర్ట్ చేసి కమిట్ చేయకుండా వదిలి, జాబ్ నడిపి, ఆ తర్వాత కమిట్ చేసి మళ్ళీ నడపండి. ఆ రో వచ్చిందా?
- ☐ ఖాళీ టేబుల్ మీద, పొజిషన్ రో లేకుండా మొదటిసారి నడపండి.

ప్రతిసారీ మూలంలో ఉన్న ఐడీలకీ, జరిగిన పనిలోని ఐడీలకీ తేడా తీయండి. మొత్తం సంఖ్య కలిసిందని వదిలేయకండి, ఒకటి పోయి ఇంకోటి రెండుసార్లు పడినా సంఖ్య కలుస్తుంది.

## 11. పొజిషన్‌ని చేత్తో వెనక్కి జరపాల్సి వస్తే

ఎప్పుడో ఒకసారి నిన్నటి డేటా మళ్ళీ నడపాల్సి వస్తుంది. ముందు జాబ్ ఆపండి, ఆగిందని ఖాయం చేసుకోండి, లేకపోతే మీరు రాసిన విలువ మీద అది తన విలువ రాసేస్తుంది. పాత పొజిషన్‌ని ఎక్కడైనా కాపీ చేసి పెట్టుకోండి. వెనక్కి పెట్టే కీని ఊహించి కొట్టకుండా అసలు టేబుల్ నుంచే తీసుకోండి: కావాల్సిన సమయానికి ముందున్న చివరి రో ఏదో, దాని కాలమ్‌ల విలువలు యథాతథంగా.

పొజిషన్ టేబులే పోతే, రోలన్నీ కచ్చితంగా క్రమంలో, ఒకే వర్కర్‌తో నడిచి ఉంటేనే ఫలితాల టేబుల్‌లోని అతిపెద్ద కీ నుంచి తిరిగి కట్టుకోవచ్చు. నాలుగు వర్కర్లు సమాంతరంగా నడిచి ఉంటే ఆ పెద్ద కీ కింద ఖాళీలు ఉండొచ్చు, అప్పుడు మొదటి నుంచి నడిపి, ఇప్పటికే అయినవాటిని ఐడీ చూసి దాటేయించడమే దారి.